హైకోర్టు తీర్పు చేతికొస్తే ఎలా చదవాలి

2016 జూన్ 30న నేను రిటైరయ్యాను. కేంద్ర ప్రభుత్వ ఆఫీసు, అకౌంట్స్ సెక్షన్, ముప్పై నాలుగేళ్ల సర్వీసు. జులై 1న పడాల్సిన ఇంక్రిమెంటు నాకు పడలేదు. ఏడాది పొడుగునా పనిచేశాను, కానీ ఇంక్రిమెంటు పడే రోజున ఉద్యోగంలో లేను కాబట్టి రాదన్నారు. నా ఆఖరి బేసిక్ రూ. 43,600. ఆ ఒక్క ఇంక్రిమెంటు కలిస్తే రూ. 44,900 అయ్యేది. పెన్షన్ అందులో సగం కాబట్టి నెలకు రూ. 650 తేడా, దాని మీద డీఆర్ (కరువు భృతి).

మరుసటి ఏడాది సెప్టెంబరులో మద్రాసు హైకోర్టు సరిగ్గా ఇలాంటి కేసులోనే పిటిషనరుకు ఇంక్రిమెంటు లెక్కకట్టమని తీర్పిచ్చింది. మా పెన్షనర్ల గ్రూపులో "జూన్ 30 వాళ్లందరికీ ఇంక్రిమెంటు" అని మెసేజీ తిరిగింది. అందరికీ ఇస్తే నాకూ వస్తుందిగా అని సంతోషపడి ఊరుకున్నాను. కొన్నాళ్లకు ఇంకెవరో, మన హైకోర్టు ఫుల్ బెంచ్ (ముగ్గురో, అంతకన్నా ఎక్కువో జడ్జిలు కూర్చునే బెంచ్) 2005లోనే ఇది కుదరదని చెప్పేసిందన్నారు. అప్పుడు నీరుగారిపోయి ఊరుకున్నాను. రెండుసార్లూ ఊరుకున్నాను. రెండుసార్లూ తీర్పు చదవలేదు.

నా పక్క సీటాయన నాతోపాటు అదే రోజు రిటైరయ్యారు. ఆయన ఆ మద్రాసు తీర్పు ప్రింటు తీయించుకుని చదివారు, లాయరు గారితో మాట్లాడారు, 2021 జనవరిలో హైదరాబాదు క్యాట్‌లో (కేంద్ర ఉద్యోగుల ట్రిబ్యునల్) కేసు వేశారు. 2023 ఏప్రిల్ 11న కర్ణాటక విద్యుత్ సంస్థ ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు విషయం తేల్చింది. ఇంక్రిమెంటు అనేది చేసిన ఏడాది పనికి వచ్చేది, మర్నాడు ఉద్యోగంలో లేరన్న కారణంతో ఆపకూడదని చెప్పింది. ఎవరికి ఎప్పటినుంచి ఇవ్వాలన్నది తర్వాత 2024 సెప్టెంబరులోను, 2025 ఫిబ్రవరిలోను స్పష్టం చేసింది. కోర్టుకు వెళ్లనివాళ్లకు 2023 మే 1 నుంచి మాత్రమే. ముందే కేసు వేసినవాళ్లకు, వేసిన నెలకు వెనక మూడేళ్ల నుంచి. ఆయనకు 2018 జనవరి నుంచి కట్టారు. నాకు 2023 మే నుంచి. మధ్యలో 64 నెలలు. డీఆర్ కాక రూ. 41,600.

డబ్బు పోయినందుకు కన్నా, చదవగలిగి ఉండీ చదవనందుకు నాకు ఎక్కువ బాధేసింది. అప్పటి నుంచి తీర్పులు చదవడం నేర్చుకున్నాను. నేను లాయరును కాను, కేసు ఎలా నడపాలో నేను చెప్పను. లాయరు గారి దగ్గరికి వెళ్లేముందు మీ చేతిలోని తీర్పు మీకు పనికొస్తుందో లేదో మీరే ఎలా తెలుసుకోవచ్చో చెబుతాను.

ముందు అసలు కాగితం సంపాదించండి

పేపర్లో వచ్చిన వార్త తీర్పు కాదు. ఫార్వర్డు మెసేజీ అంతకన్నా కాదు. అందులో కేసు నంబరు, సంవత్సరం, ఏ హైకోర్టు, తీర్పు తేదీ ఉన్నాయా చూడండి. ఈ నాలుగూ లేకపోతే దాని మీద ఆశ పెట్టుకోకండి, టెన్షన్ కూడా పడకండి. ఉంటే, హైకోర్టు వెబ్‌సైటులోనో ఈకోర్ట్స్ సైటులోనో ఆ నంబరు కొడితే తీర్పు ఉచితంగా దొరుకుతుంది. ప్రతి కేసుకూ సీఎన్ఆర్ అని పదహారు అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. అది తెలిస్తే ఇంకేమీ అక్కర్లేదు, ఫోనులోని ఈకోర్ట్స్ యాప్ కేసు పుట్టుపూర్వోత్తరాలన్నీ చూపిస్తుంది.

మన రెండు రాష్ట్రాల వాళ్లకు ఒక చిక్కుంది. 2018 ఆఖరు వరకు హైదరాబాదులో ఉమ్మడి హైకోర్టు. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో, తెలంగాణ హైకోర్టు హైదరాబాదులో. పాత కేసు కోసం వెతికేటప్పుడు ఒక సైటులో దొరకలేదని వదిలేయకుండా రెండో సైటులోనూ చూడండి.

ఇప్పుడు కొన్ని తీర్పులు తెలుగులో కూడా పెడుతున్నారు. ఇంగ్లీషు రాదని భయపడేవాళ్లకు అది పెద్ద ఆసరా. విషయం అర్థం చేసుకోవడానికి తెలుగు ప్రతి చదవండి. కానీ చెల్లేది ఇంగ్లీషు ప్రతే. తేడా కనిపిస్తే ఇంగ్లీషులో ఉన్నదే పట్టుకోవాలి.

మొదటి పేజీలో కేసు రకం ఉంటుంది. డబ్ల్యూపీ అంటే రిట్ పిటిషన్, ప్రభుత్వమో అధికారో చేసినదాని మీద నేరుగా హైకోర్టులో వేసేది. డబ్ల్యూఏ అంటే రిట్ అప్పీలు, ఒక జడ్జి గారు ఇచ్చిన తీర్పు మీద ఇద్దరు జడ్జిల దగ్గరికి వెళ్లిందన్నమాట. సీఆర్పీ అంటే సివిల్ రివిజన్, ఎస్ఏ అంటే రెండో అప్పీలు, ఐటీటీఏ అంటే ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ మీద వచ్చిన అప్పీలు. సీసీ అని చూసి కొందరు కంగారుపడతారు. కింది క్రిమినల్ కోర్టుల్లో ఆ అక్షరాలకు వేరే అర్థం, మన హైకోర్టుల్లో మాత్రం అది కోర్టు ధిక్కార కేసు. ఐఏ అని ఉంటే మధ్యంతర దరఖాస్తు. అక్కడ వచ్చింది స్టేనో, ఉన్నది ఉన్నట్టు ఉంచమనే స్టేటస్ కోనో అయి ఉంటుంది. అది కేసు తేలేదాకా ఉండే ఏర్పాటు. "హైకోర్టు చెప్పేసింది" అని చాలామంది పట్టుకొచ్చేవి ఇవే.

ఎంతమంది జడ్జిలు కూర్చున్నారో కూడా అక్కడే రాసుకోండి. ఒకరా, ఇద్దరా, ముగ్గురా అన్నది తర్వాత పనికొస్తుంది.

తర్వాత చివరి పేజీకి వెళ్లండి

నేను ఎప్పుడూ మొదటి పేజీ తర్వాత చివరి పేజీ చదువుతాను. అసలు ఆజ్ఞ ఏమిటో అక్కడే ఉంటుంది. "అలౌడ్" అంటే పిటిషన్ ఒప్పుకున్నారు. "డిస్మిస్డ్" అంటే కొట్టేశారు. "రిమాండ్" అంటే కింది అధికారో కింది కోర్టో మళ్లీ విచారించాలి. చివర "పెండింగులో ఉన్న మిసలేనియస్ పిటిషన్లు ముగిసినట్టే" అని ఒక వాక్యం దాదాపు ప్రతి తీర్పులోనూ ఉంటుంది. దాన్ని చూసి తన కేసు మూసేశారని ఏడ్చిన మనిషిని నేను చూశాను. అది అనుబంధ దరఖాస్తుల సంగతి, భయపడాల్సింది లేదు.

జాగ్రత్తగా చూడాల్సిన మాట "డిస్పోజ్డ్ ఆఫ్". రెండేళ్ల క్రితం మా వీధిలో ఉండే ఒకావిడ స్వీట్ డబ్బా పట్టుకుని వచ్చింది. "అక్కా, కేసు గెలిచాం, ఎనిమిది వారాల్లో ప్రమోషన్ ఇమ్మన్నారు" అంది. కాగితం చదివితే, పిటిషనర్ పెట్టుకున్న అర్జీని ఎనిమిది వారాల్లో చట్టప్రకారం పరిశీలించి నిర్ణయం చెప్పండి అని ఉంది. ఇవ్వమని ఎక్కడా లేదు. ఎలా చెప్పాలో తెలీక చాలాసేపు ఆ కాగితమే చూస్తూ కూర్చున్నాను. ఆఖరికి చెప్పాను. మూడో నెలలో ఆమె అర్జీ తిరస్కరిస్తూ ఆఫీసు నుంచి మెమో వచ్చింది.

పరిశీలించమనడానికీ ఇవ్వమనడానికీ ఎంత తేడా ఉందో 2006లో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు వివరంగా చెప్పింది. తప్పు ఎక్కడ జరిగిందో తేల్చి, ఆ మేరకు పరిశీలించమంటే దానికో బలం ఉంటుంది. ఏమీ తేల్చకుండా ఊరికే పరిశీలించమంటే అధికారి కాదనవచ్చు. ఇంకో మాట. 2008లో సుప్రీంకోర్టు ఇంకో సర్వీసు కేసులో చెప్పినట్టు, ఇరవయ్యేళ్ల కిందటి విషయం మీద ఇవాళ అర్జీ పెట్టి, దానికి జవాబు తెప్పించుకున్నంత మాత్రాన చచ్చిపోయిన హక్కు మళ్లీ బతకదు. అందుకే చివరి పేజీలో కోర్టు ఏదైనా తేల్చిందా, లేక అర్జీని మళ్లీ ఆఫీసుకే పంపిందా అన్నది ముందు చూసుకోండి.

మధ్య పేజీల్లో ఎవరి మాట ఎవరిదో గుర్తు పెట్టుకోండి

తీర్పులో సగం పైగా లాయర్ల వాదనలే ఉంటాయి. పిటిషనర్ తరఫు లాయరు గారు చెప్పింది పేజీలకు పేజీలు రాసి, తర్వాత ప్రభుత్వ ప్లీడరు గారి జవాబు రాసి, ఆ తర్వాతే కోర్టు తన మాట మొదలుపెడుతుంది. ఫార్వర్డుల్లో తిరిగే పసుపు గీతల పేరాలు చాలావరకు వాదనల నుంచి కత్తిరించినవే. కోర్టు ఒప్పుకోని వాదన కూడా అలా కోర్టు మాటగా చలామణి అవుతుంది.

నా పద్ధతి ఇది. ప్రింటు తీసుకుని పెన్సిలుతో మార్జిన్లో రాసుకుంటూ వెళతాను. పిటిషనర్ మాటకు "పి", అవతలివారి మాటకు "ప్ర", కోర్టు మాటకు "కో", కోర్టు ఎత్తి రాసిన పాత తీర్పుకు "పా". ఒకసారి ఇలా చేస్తే ఎనభై పేజీల తీర్పులో కూడా "కో" అని పడేవి ఏడెనిమిది పేజీలే ఉంటాయి. వాటినే మళ్లీ మళ్లీ చదవాలి. వాటిలో ముందుగా కోర్టు తేల్చాల్సిన ప్రశ్న ఏదో వెతకండి. "ఇప్పుడు పరిష్కరించాల్సిన అంశం ఏమిటంటే" అని అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. ఆ ప్రశ్న మీ ప్రశ్న కాకపోతే ఆ తీర్పు ఎంత గొప్పదైనా మీకు పనికిరాదు.

ప్రశ్న దొరికాక, కోర్టు ఏ విషయాల మీద, ఏ రూలు ప్రకారం జవాబు చెప్పిందో ఒక కాగితం మీద మీ సొంత మాటల్లో నాలుగు వాక్యాలు రాయండి. పక్కన మీ విషయాలు రాయండి. ఏ తేదీన, ఏ పోస్టులో, ఏ ఉత్తర్వు కింద, ఎన్నాళ్లకు కోర్టుకు వచ్చారు. తేడాలు అక్కడే కనబడతాయి.

మన హైకోర్టా, పక్క హైకోర్టా

దేశంలో 25 హైకోర్టులున్నాయి. సుప్రీంకోర్టు చెప్పిన చట్టం 141వ అధికరణ ప్రకారం అందరికీ శిరోధార్యం. ఒక హైకోర్టు చెప్పింది మాత్రం దాని రాష్ట్రంలోని కోర్టులకు, ట్రిబ్యునళ్లకు, అధికారులకు శిరోధార్యం. పక్క రాష్ట్రానికి అది గౌరవించి వినదగ్గ మాట, అంతవరకే. ఒకే హైకోర్టులో ముగ్గురు జడ్జిల మాట ఇద్దరికి, ఇద్దరి మాట ఒకరికి చెల్లుతుంది.

నా ఇంక్రిమెంటు సంగతే చూడండి. మద్రాసులో ఇద్దరు జడ్జిలు ఔనన్నారు. మన దగ్గర ఫుల్ బెంచ్ కాదంది. కాబట్టి 2023 దాకా మన వైపు కేసు కష్టమే. కష్టమని తెలిసీ నా పక్క సీటాయన ఎందుకు వేశారని అడిగాను. "రెండు హైకోర్టులు రెండు రకాలుగా చెప్పాయంటే సుప్రీంకోర్టు ఎప్పటికైనా తేల్చాలి కదమ్మా. అప్పటికి మన కేసు లైనులో ఉండాలి" అన్నారు. సుప్రీంకోర్టు ఆ తీర్పులో మన ఫుల్ బెంచ్ అభిప్రాయాన్ని ప్రస్తావించి, అది సరి కాదని చెప్పింది.

ఇంకొకటి కూడా అప్పుడే నేర్చుకున్నాను. మద్రాసు తీర్పు మీద ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళితే 2018 జులైలో అక్కడ ఎస్ఎల్పీ (అప్పీలుకు ప్రత్యేక అనుమతి కోరే పిటిషన్) కొట్టేశారు. "సుప్రీంకోర్టు కూడా ఒప్పుకుంది" అని అందరూ అన్నారు. కానీ కారణాలు చెప్పకుండా ఎస్ఎల్పీ కొట్టేస్తే, సుప్రీంకోర్టు ఆ తీర్పును ఆమోదించినట్టు కాదు. అప్పీలు వినడానికి అనుమతి ఇవ్వలేదని మాత్రమే అర్థం. 2000లో కున్హాయమ్మద్ కేసులో సుప్రీంకోర్టే ఇది చెప్పింది. అందుకే ప్రభుత్వం ఆ తర్వాత కూడా మద్రాసు తీర్పు ఆ ఒక్క పిటిషనరుకే అని వాదించగలిగింది.

తీర్పు దొరికాక అది ఇంకా బతికి ఉందా అని కూడా చూడాలి. యాప్‌లో కేసు స్టేటస్ చూస్తే రిట్ అప్పీలు పడిందా, స్టే వచ్చిందా తెలుస్తుంది. సుప్రీంకోర్టు సైటులో పార్టీల పేర్లతో వెతికితే అక్కడికి వెళ్లిందో లేదో తెలుస్తుంది. పది నిమిషాల పని.

పన్ను కేసులు: తమ్ముడి షాపు

తెనాలిలో మా తమ్ముడికి పెయింట్లు, హార్డ్‌వేర్ షాపు. 2018-19 సంవత్సరానికి కొనుగోళ్ల మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌కూ (సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును తన పన్నులో తగ్గించుకోవడం), సప్లయర్లు చూపిన లెక్కకూ తేడా ఉందని 2024 ఏప్రిల్‌లో జీఎస్టీ ఆర్డరు వేశారు. అంతా పోర్టల్లోనే. లెక్కలు చూసే కుర్రాడు మామూలు నోటీసుల పేజీ చూశాడు. ఇది "అదనపు నోటీసులు" అన్న చోట ఉంది. సెప్టెంబరులో బ్యాంకు ఖాతా అటాచ్ అయ్యాకే తెలిసింది. తమ్ముడు ఫోన్ చేసి, "అక్కా, మద్రాసు హైకోర్టు ఇలాంటివన్నీ కొట్టేస్తోందట" అన్నాడు.

ఆ తీర్పులు కొన్ని తెప్పించి చదివాం. మద్రాసు హైకోర్టు చాలా కేసుల్లో, అదనపు నోటీసుల పేజీలో పెట్టడం వల్ల వ్యాపారికి తెలియలేదన్న మాట విని ఆర్డరు పక్కన పెట్టింది. కానీ వివాదంలో ఉన్న పన్నులో 10 శాతం కడితేనే అని షరతు పెట్టి, మళ్లీ విచారించమని వెనక్కి పంపింది. పన్ను కొట్టేయలేదు. పైగా అది మద్రాసు, మనకు శిరోధార్యం కాదు.

ఇక గడువు. జీఎస్టీలో 107వ సెక్షన్ కింద అప్పీలుకు మూడు నెలలు, సరైన కారణం చూపితే ఇంకో నెల. పన్నులో 10 శాతం ముందు కట్టాలి. తమ్ముడికి ఆ నాలుగు నెలలూ దాటిపోయాయి. అప్పీలు గడువు పోగొట్టుకున్నవాళ్లు రిట్ వేసి ఆ గడువును దాటవేయడం కుదరదని 2020 మే 6న సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అది మన కాకినాడ నుంచి వెళ్లిన వ్యాట్ కేసే. ఈ ఒక్క తీర్పు తెలియక రిట్ మీద ఆశ పెట్టుకున్న చిన్న వ్యాపారులు చాలామంది.

తమ్ముడిని కాపాడింది ఆర్డరు ఆఖరి పేజీ. కింద అధికారి సంతకం లేదు, డిజిటల్ సంతకం కూడా లేదు. సంతకం లేని ఆర్డరు చెల్లదని, పోర్టల్లో పెట్టినంత మాత్రాన ఆ లోపం పూడదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2023 నుంచి పలు కేసుల్లో చెప్పింది. డిన్ నంబరు (ఆర్డరు మీద ఉండాల్సిన గుర్తింపు సంఖ్య) లేని ఆర్డర్లను కూడా కొట్టేసింది. ఇది మన హైకోర్టు మాట కాబట్టి మన అధికారులకు చెల్లుతుంది. లాయరు గారు ఆ పాయింటు మీద రిట్ వేశారు. ఆర్డరు రద్దయింది. నోటీసు ఇచ్చి, విని, సంతకంతో కొత్త ఆర్డరు వేసుకోవచ్చని అధికారికి వీలు ఇచ్చారు. అందరికీ చెప్పేది ఇదే, తమ్ముడు పన్ను నుంచి బయటపడలేదు, చెప్పుకునే అవకాశం దక్కింది. రెండోసారి విచారణలో సప్లయర్ల దగ్గర సర్టిఫికెట్లు తెచ్చి పెట్టాడు. 2017-18, 2018-19 సంవత్సరాల తేడాలకు ఇలాంటి సర్టిఫికెట్లు ఒప్పుకోవచ్చని 2022 డిసెంబరులో ఇచ్చిన కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఉంది. రూ. 2,14,000 అడిగింది కాస్తా రూ. 60,000 లోపుకి దిగింది.

మీ చేతికి పన్ను ఆర్డరు వస్తే ముందు తేదీ, తర్వాత సంతకం, డిన్, వ్యక్తిగత విచారణకు పిలిచారా అన్నవి చూడండి. తేదీ పక్కనే మూడు నెలలకు ఏ రోజు అవుతుందో ఎర్ర పెన్నుతో రాయండి.

ఆదాయపు పన్నులో ఒక దశలో హైకోర్టులు విడిపోయాయి. పాత సంవత్సరాల లెక్కలు తిరగదోడే నోటీసు ఫేస్‌లెస్ పద్ధతిలో (అధికారి ఎవరో తెలియకుండా ఆన్‌లైన్లో) కాక స్థానిక అధికారి ఇస్తే చెల్లదని 2023 సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, 2024 మేలో బొంబాయి హైకోర్టు అన్నాయి. ఢిల్లీ హైకోర్టు చెల్లుతుందంది. అప్పట్లో హైదరాబాదు వాళ్లకూ ఢిల్లీ వాళ్లకూ ఒకే నోటీసుకు రెండు జవాబులు వచ్చాయన్నమాట. దానికి తోడు 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. తీర్పు ఏ చట్టం, ఏ సెక్షన్ మీద వచ్చిందో, ఆ సెక్షన్ తర్వాత మారిందో లేదో చూడకుండా పన్ను తీర్పును పట్టుకోకండి.

భూమి కేసుల్లో తేదీలే ప్రాణం

మా నాన్నగారి పొలం గట్టు పక్క ఆసామి జరిపాడు. తమ్ముడి చేతికి ఎవరో హైకోర్టు తీర్పు ఒకటిచ్చారు, ఉత్త ఇంజంక్షన్ (పొలం జోలికి రావద్దనే ఆజ్ఞ) దావాలోనే గెలిచిన కేసు. చదివితే అందులో అవతలివాడికి ఏ కాగితమూ లేదు. మా అవతలివాడి దగ్గర రిజిస్టరు దస్తావేజు ఉంది. హక్కు మీదే గట్టి వివాదం ఉన్నప్పుడు ఉత్త ఇంజంక్షన్ చాలదు, హక్కు ప్రకటించమని కూడా అడగాలి. మన ప్రాంతం నుంచే వెళ్లిన అనాతుల సుధాకర్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ తేడాలన్నీ విడమరిచి రాసింది. కోర్టు ఫీజు ఎక్కువైనా డిక్లరేషన్ కూడా కలిపే వేశాం.

రెండో అప్పీలు తీర్పులు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి. అక్కడ హైకోర్టు సాక్ష్యం మళ్లీ తూచదు. ముఖ్యమైన చట్ట ప్రశ్న ఉంటేనే వింటుంది. "హైకోర్టు అడంగల్‌ను నమ్మింది" అని అనుకునేది చాలాసార్లు కింది కోర్టు నమ్మింది, హైకోర్టు జోక్యం చేసుకోలేదు అని అర్థం.

ఆడపిల్లల వాటా గురించి నాకు వచ్చినన్ని ఫార్వర్డులు ఇంక దేని మీదా రాలేదు. ఒకటి హక్కు లేదంటుంది, ఒకటి సగం అంటుంది. రెండూ నిజమైన తీర్పుల నుంచే వచ్చి ఉండవచ్చు, తేదీలు వేరు. మన రాష్ట్రంలో 1985 సెప్టెంబరు 5 నుంచి కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు వచ్చింది, కానీ అంతకు ముందే పెళ్లయినవాళ్లకు రాలేదు. నా పెళ్లి 1980లో, కాబట్టి ఆ చట్టం కింద నాకు రాలేదు. 2005 సెప్టెంబరు 9న వచ్చిన కేంద్ర సవరణ పెళ్లి తేడా తీసేసింది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న దాని మీద తీర్పులు అటూ ఇటూ పోయాయి, 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జిలు అక్కర్లేదని తేల్చారు. అయితే 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా పంపకాలో అమ్మకాలో జరిగిపోయి ఉంటే అవి కదలవు. కాబట్టి 2015 నాటి తీర్పు చేతికొస్తే, అది అప్పటికి సరైనదే కావచ్చు, ఇవాళ మీకు చెల్లకపోవచ్చు.

ఉద్యోగుల కేసులు: అది నాకూ వర్తిస్తుందా?

కేంద్ర ఉద్యోగులు ముందు క్యాట్‌కు వెళ్లాలి, అక్కడ ఓడితే హైకోర్టు. మన రెండు రాష్ట్రాల ఉద్యోగులకు ఇప్పుడు రాష్ట్ర ట్రిబ్యునల్ లేదు, నేరుగా హైకోర్టులో రిట్టే. పాత ట్రిబ్యునల్ తీర్పు పట్టుకొస్తే హైకోర్టులో దాని గతి ఏమైందో చూడాలి.

ఎక్కువమంది నన్ను అడిగేది, నాతో పనిచేసిన ఫలానా ఆయనకు ఇచ్చారు, నాకెందుకు ఇవ్వరు అని. న్యాయమైన ప్రశ్నే. ఒకే స్థితిలో ఉన్నవాళ్లను ఒకేలా చూడాలన్నదే మామూలు సూత్రమని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పులో దానికి మినహాయింపు కూడా చెప్పింది. ఏళ్ల తరబడి ఊరుకుని, వేరేవాళ్లు గెలిచాక లేచి వచ్చేవాళ్లను గోడ మీద కూర్చున్నవాళ్లు అంది. విధానం మొత్తాన్ని తేల్చిన తీర్పు అయితే అందరికీ వర్తిస్తుంది, ఒక వ్యక్తి వరకే తేల్చినదైతే ఆలస్యంగా వచ్చినవాళ్లకు కష్టం. అది నేనే. చదివినప్పుడు నా గురించే రాశారనిపించింది.

పెన్షన్, జీతం తేడా లాంటివి నెలనెలా జరిగే నష్టం కాబట్టి ఆలస్యమైనా కేసు వినవచ్చు, కానీ బకాయిలు మాత్రం సాధారణంగా కేసు వేసిన తేదీకి వెనక మూడేళ్లే అని 2008లోనే సుప్రీంకోర్టు అంది. ప్రమోషన్, సీనియారిటీ అలా కాదు, ఆలస్యమైతే మొత్తమే పోతుంది. మీ కేసు ఈ రెంటిలో ఏదో తేల్చుకోండి.

రికవరీ నోటీసు వస్తే మాత్రం వెంటనే రఫీక్ మసీహ్ తీర్పు చదవండి, 2014 డిసెంబరు 18. పొరపాటున ఎక్కువ జీతం ఇచ్చామని వెనక్కి అడుగుతుంటే, మూడు నాలుగు తరగతుల ఉద్యోగుల దగ్గర, రిటైరైనవాళ్ల దగ్గర, ఏడాదిలోపు రిటైరయ్యేవాళ్ల దగ్గర, ఐదేళ్లకు పైగా ఇస్తూ వచ్చిన మొత్తం మీద రికవరీ చేయకూడదంది. మా పాత ఆఫీసులో అటెండరుగా చేసినాయన గ్రాట్యుటీలో కోత పడితే ఈ తీర్పు జతచేసి లెటరు రాసిచ్చాను, కోర్టుకు వెళ్లకుండానే వెనక్కి వచ్చింది. అయితే మీరు అండర్‌టేకింగ్ రాసిచ్చారా, తప్పుడు వివరాలు ఇచ్చారా అన్నది మీ సర్వీసు పుస్తకంలో చూసుకున్నాకే రాయండి.

కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పిల్లలు ఉమాదేవి తీర్పు పేరు వింటేనే డీలా పడతారు. 2006లో వచ్చిన ఆ తీర్పు దొడ్డిదారి నియామకాలను ఆపడానికి వచ్చింది. దశాబ్దాలుగా శాశ్వతమైన పని చేయించుకుంటూ అదే తీర్పును అడ్డం పెట్టుకోవడం తగదని 2024 డిసెంబరు 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. రెండూ కలిపి చదవాలి.

ఇక మీరే గెలిచాక. తీర్పులో గడువు చాలాసార్లు "కాపీ అందిన తేదీ నుంచి ఎనిమిది వారాలు" అని ఉంటుంది. అంటే మీరు కాపీ ఇవ్వనిదే గడియారం నడవదు. సర్టిఫైడ్ కాపీ వచ్చిన వారంలోపే కవరింగ్ లెటరుతో ఆఫీసులో ఇచ్చి, మీ దగ్గరున్న జిరాక్సు మీద ఇన్వర్డ్ ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర వేయడానికి వాళ్లు ఒప్పుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు తీర్పుకు గుచ్చి పెట్టండి. గడువు దాటినా అమలు చేయకపోతే కోర్టు ధిక్కార కేసు ఏడాదిలోపే వేయాలి, 1971 చట్టంలో 20వ సెక్షన్. ఆ ఏడాది లెక్కకు మీ దగ్గర ఉండే ఆధారం ఆ ముద్ర మీది తేదీయే.